పటం అంచు అవతలి నుంచి

పర్చూరు దగ్గర మన ఊరు,
జూలై 2025

అమ్మలూ,

నువ్వు వదిలి వెళ్లిన పాత లాప్‌టాప్ క్షేమం. దుమ్ము పడకుండా మీ అమ్మమ్మ తన పాత నేత చీర చించి దానికి ముసుగు కుట్టింది. కరెంటు పోతే మాత్రం ఇరవై నిమిషాలకు మించి బతకడం లేదు, అదొక్కటే దాని జబ్బు. ఈ వయసులో నాకు దానితో పనేమిటన్నది ఉత్తరం చివర్లో చెబుతాను. నవ్వకూడదు.

ముందు నీకో బాకీ తీర్చాలి. మే నెలలో ఎంసెట్ రాసి వచ్చి పద్దెనిమిది రోజులు ఉన్నావు. మొదటి నాలుగు రోజులు నిన్ను ఆ పెట్టె ముందు నుంచి లేపాలని నేను పడ్డ తిప్పలు నీకు గుర్తే. "ఊళ్లు కట్టే ఆట ఏమిటే, బొమ్మరిల్లా?" అని మీ అమ్మకు ఫోన్ చేసి ఫిర్యాదు కూడా చేశాను. ఐదో రోజు మధ్యాహ్నం వడగాడ్పుకి బయటికి పోలేక నీ వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత నేనూ లేవలేదు. ముప్పై ఆరేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఒకే లెక్కను పిల్లలు నాలుగు దారుల్లో చేస్తుంటే చూడ్డం నాకు కొత్త కాదు. తప్పు వచ్చిన ప్రతిసారీ సంబరపడే పిల్లను మాత్రం నిన్నే చూశాను.

నీ ఊళ్లన్నీ నాకు జ్ఞాపకమే. మొదటిది గళ్ల నోటుపుస్తకం. అడ్డంగా రోడ్లు, నిలువుగా రోడ్లు, ఎటు చూసినా ఇళ్ల స్థలాలకు వేసిన ఆకుపచ్చ రంగే. జనాన్ని తెచ్చావు గానీ వాళ్లకు పని పెట్టలేదు. ఖజానా గుల్లయింది. రెండో ఊళ్లో ఆ భయంతో అన్నీ ఫ్యాక్టరీలే పెట్టావు. డబ్బు వచ్చింది, పొగ వచ్చింది, ఆ పొగ పక్కన కాపురం పెట్టేవాడు లేకపోయాడు. మూడోది నేను బతికినన్నాళ్లు మర్చిపోను. మురుగు గొట్టం ఏటికి ఎగువన, తాగునీటి పంపు దిగువన. ఊరంతా మంచం పట్టింది. "ఏరు ఎటు పారుతోందే?" అని అడిగితే, "ఇందులో నీళ్లు నిజంగా పారతాయా తాతయ్యా!" అని నోరు తెరిచావు. హైదరాబాదు పిల్లకు కుళాయి తెలుసు గానీ వాలు తెలీదని ఆ రాత్రి అమ్మమ్మతో చెప్పుకుని నవ్వాను. ఆ తర్వాత పన్నులు తగ్గించిన ఊరు, గుండ్రటి కూడళ్ల ఊరు, బస్సుల ఊరు, ఆనకట్ట కట్టి నీ ఇళ్లను నువ్వే ముంచుకున్న ఊరు... మొత్తం పదకొండు.

ఒక్కోటి చెడిపోగానే నీ నోట ఒకటే మాట, "రీలోడ్."

ఆ మాట మీద నాకు అసూయ పుట్టింది, నిజం చెబుతున్నా. మా నాన్న చేతిలో నుంచి నాలుగెకరాలు నా చేతికి వచ్చింది 1974లో. ఈ ఏటితో యాభై రెండు తొలకరులు. విత్తనం మార్చాను, అచ్చు దూరం మార్చాను, పంట మార్చాను, ఎరువు మార్చాను. నువ్వు పద్దెనిమిది రోజుల్లో పదకొండు ప్రయోగాలు చేశావు. నేను ఒక జీవితంలో యాభై రెండు చేశాను, ఒక్కదాన్నీ వెనక్కి తిప్పలేకపోయాను. జూన్‌లో చేసిన తప్పు జనవరిలో గానీ కనపడదు. కనపడ్డాక దిద్దుకోవాలంటే మళ్లీ జూన్ రావాలి. ఈలోపు వానా మారుతుంది, ధరా మారుతుంది. ఇంక ఆ తప్పు నాదో దేవుడిదో ఎవడు తేలుస్తాడు?

నీకు పత్తి సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ అమ్మ అప్పుడు రెండో క్లాసు. 1980ల మొదట్లో మన నల్లరేగడికి సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదటి ఏడు కొడితే పురుగు జలజల రాలింది. కాయ కాయంతా తెల్లగా విచ్చింది. ఆ ఏడు పెళ్లిళ్లు చూడాలి మన ఊళ్లో! మరుసటి ఏటి నుంచి అందరిదీ ఒకటే వ్యూహం: ఇంకొంచెం పత్తి, ఇంకొంచెం మందు. ఆ మందు తెల్లదోమను తినే మేలు పురుగులను కూడా తుడిచిపెట్టింది. దోమ చెలరేగింది, ఆకులకు మసి పట్టింది. దాని మీద శనగపచ్చ పురుగు పడింది, అది ఏ మందుకూ లొంగలేదు. వారానికి ఒకసారి కొట్టేవాళ్లు మూడు రోజులకొకసారి కొట్టారు, రెండు మందులు కలిపి కొట్టారు, అప్పు తెచ్చి కొట్టారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగు లొంగని ఆ మందు తామే తాగారు. మా వీధిలో ఒకాయన నాకంటే మంచి రైతు. ఆయన చేనులో ఒక్క గడ్డిపరక ఉండేది కాదు. ఇంతకంటే రాయలేను.

ఆ ఏడు నా నాలుగెకరాలూ పత్తే. నెల జీతం ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మరుసటి ఏడు ఒక చిన్న పని చేశాను. ఏ పుస్తకంలోనూ చూసి కాదు, లెక్కల మేష్టరు బుద్ధితో. చేను మధ్యలో ఆరు సాళ్లకు అటూ ఇటూ కొబ్బరి తాడు కట్టి, అందులో మందు కొట్టవద్దన్నాను. జీతగాడు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. పక్క చేలవాళ్లు మేష్టారి చేను పురుగుల సత్రం అన్నారు. ఆ ఆరు సాళ్లలో అక్షింతల పురుగులు తిరిగాయి, సాలీళ్లు గూళ్లు కట్టాయి. దిగుబడి తగ్గింది, కాదనను. కానీ ఎంత తగ్గిందో తూచి చూసుకుంటే, అంతే మేర పక్క సాళ్లకు పోసిన మందు ఖర్చు దానికంటే ఎక్కువ తేలింది. నా యాభై రెండేళ్లలో నాకు నేనుగా నేర్చుకున్నది అదొక్కటే అనిపిస్తుంది. తక్కినవన్నీ పక్కవాడిని చూసి చేసినవి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ నాలుగో ఊరు. పన్ను తగ్గించావు, బస్సులు వేశావు, రోడ్లు వెడల్పు చేశావు, అన్నీ ఒకే పూట. జనం గబగబా పెరిగారు. "చూశావా తాతయ్యా!" అన్నావు. చూశాను. దేనివల్ల పెరిగారో నీకు తెలుసా? రీలోడ్ చేతిలో ఉన్నవాడికి ఆరు సాళ్లు వదలడం ఎంత సులువమ్మా. అదే ఊరు, అదే రోజు. ఒకసారి పన్ను మాత్రం తగ్గించి చూడు, ఇంకోసారి బస్సులు మాత్రం వేసి చూడు. నాకు దేవుడు ఇవ్వని వరం నీకు ఆ ఆట కట్టిన వాళ్లు ఇచ్చారు. దాన్ని ఓటమి తుడుచుకునే గుడ్డలా వాడుతున్నావు. మళ్లీ మొదలుపెట్టే ముందు, ఈ ఊరు ఎందుకు చెడిందని అనుకుంటున్నావో ఒక్క ముక్క కాగితం మీద రాయి. నేను ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చే డైరీల్లో రాసేవాణ్ణి. బీరువా అడుగున ఉన్నాయి, ఈసారి చూపిస్తాను. సగం తిట్లే.

2002లో బీటీ పత్తి వచ్చాక ఆరు సాళ్ల సంగతి కంపెనీవాళ్లే ప్యాకెట్లో పెట్టి ఇచ్చారు. నాలుగు వందల యాభై గ్రాముల బీటీ గింజలు, పక్కన చిన్న సంచిలో నూట ఇరవై గ్రాముల మామూలు గింజలు. చేను చుట్టూ వాటిని వేస్తే మందు తగలని పురుగులు కొన్ని మిగిలి, మొత్తం జాతి మొండికెత్తకుండా ఉంటుందని లెక్క. ఎంతమంది వేశారనుకున్నావు? ఆ చిన్న సంచులు గట్ల మీద పడి ఉండేవి. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి కూడా అలవాటు పడింది. ఓడిపోవడానికి కొంచెం నేల కేటాయించమంటే ఏ రైతుకూ చేతులు రావు. నాకూ రెండేళ్లు రాలేదు.

ఇక నీ తొమ్మిదో ఊరు. ఆ ఊరి గురించి నేను ఈ రెండు నెలలుగా తలుచుకుంటున్నాను. అంతా సవ్యంగా ఉన్న ఊరది. ఒకే పూట పెద్ద మేర ఇళ్లకు రంగు వేశావు, హైవే మీద బారులు తీరి జనం దిగారు. కొన్నేళ్లు కళకళలాడింది. ఉన్నట్టుండి ఒక్కసారిగా ఊరంతా నల్ల గుర్తులు. శవాల బండ్లు చాలలేదు, ఇళ్లు పాడుబడ్డాయి. రోగమా అంటే కాదు, విషమా అంటే కాదు. నువ్వు ఎక్కడో చదివి చెప్పావు, దీన్ని డెత్ వేవ్ అంటారట, అందరూ ఒక్క ఈడువాళ్లే ఒక్కసారి వచ్చి చేరారు కాబట్టి అందరికీ ఒక్కసారే ముసలితనం వచ్చిందట. నువ్వు స్మశానాలు పెంచి చూశావు. అది మందు కాదని నీకే తెలిసిపోయింది.

నేను ఆ తెర మీద గుంటూరు మిర్చి యార్డు చూశాను. మార్చి నెలలో, తెల్లవారుజామున, గేటు బయట కిలోమీటర్ల కొద్దీ లారీలు, ట్రాక్టర్లు. రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దాటిన రోజులు ఎన్నో. ఎందుకు వస్తాయి అన్నీ ఒకేసారి? ఎందుకంటే అందరం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే నాటాం. ఎందుకు అందరం మిరపే నాటాం? ఎందుకంటే అంతకు ముందేడు ధర చూశాం. నీ ఆటలో కింద మూడు గీతలు ఉంటాయే, ఇళ్లు కావాలి, కొట్లు కావాలి, ఫ్యాక్టరీలు కావాలి అని పైకి లేచేవి, మాకు పోయినేటి ధరే ఆ గీత. తేడా ఏమిటంటే నీ ఊళ్లో ఆ గీతను నువ్వొక్కదానివే చూస్తావు. ఇక్కడ అదే గీతను గుంటూరు నుంచి మార్కాపురం దాకా, అవతల ఖమ్మం, బళ్లారి దాకా ప్రతివాడూ చూస్తాడు, చూసి అదే పని చేస్తాడు. క్వింటాలు ఇరవై వేలు దాటిన ధర చూసి నాటిన కాయ కళ్లంలో ఎండేసరికి, ఈ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయలకు మార్కెట్ జోక్యం ప్రకటించాల్సిన పరిస్థితికి దిగింది. పురుగు వల్ల కాదు, వాన వల్ల కాదు. అందరూ ఒక్క ఈడుకి వచ్చారు, అంతే.

స్మశానాలు పెంచడం లాంటిదే మా కోల్డ్ స్టోరేజీల వ్యవహారం. టిక్కీని చలిగదిలో పెడితే చావు వాయిదా పడుతుంది. అక్కడ అద్దె లేస్తుంది, వడ్డీ లేస్తుంది, వచ్చే ఏడు కొత్త కాయ పక్కన పాత కాయ నిలబడాల్సి వస్తుంది. నీ పదో ఊళ్లో ఇళ్లకు కొంచెం కొంచెంగా, ఆగి ఆగి రంగు వేశావు చూడు, ఆ పని మేము చెయ్యలేం. వాన అందరికీ ఒక్కరోజే పడుతుంది మరి. తేజా రకం వేసేవాళ్లు, సన్నాలు వేసేవాళ్లు, బ్యాడిగి వేసేవాళ్లు అని రకాలు మారతాయే గానీ కోత కాలం అటూ ఇటూ పెద్దగా జరగదు.

నువ్వు వెళ్లాక ఈ ఆట ఎట్లా పుట్టిందా అని ఆరా తీశాను. మామయ్య ఫోన్లో కొంత, పట్నం నుంచి తెప్పించుకున్న కాగితాల్లో కొంత చదివాను. నువ్వు ఆడే సిటీస్ స్కైలైన్స్ 2015 మార్చి 10న వచ్చింది. ఫిన్లాండులో టాంపెరే అనే ఊళ్లో, పట్టుమని పదిహేను మంది లేని కొలోసల్ ఆర్డర్ అనే కంపెనీ కట్టింది. ఇలాంటి ఆటలకు తాత 1989లో వచ్చిన సిమ్‌సిటీ. విల్ రైట్ అనే అమెరికా కుర్రాడు అంతకు ముందు హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఆట ఒకటి చేస్తూ, బాంబులు వెయ్యడం కంటే వాటి కింద ఉండే దీవులూ రోడ్లూ గీసుకోవడమే సరదాగా ఉందని గ్రహించాడట. గెలుపూ ఓటమీ లేని ఆట ఎవరు కొంటారని ప్రచురణకర్తలు కొన్నేళ్లు తిప్పి పంపారు.

ఆ రైట్ చదివిన పుస్తకాల్లో ఒకటి 1969లో వచ్చిన అర్బన్ డైనమిక్స్. రాసింది జే ఫారెస్టర్, ఎంఐటీ ప్రొఫెసర్. ఇక్కడ నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. ఎందుకంటే ఈ ఫారెస్టర్ మనవాడే, రైతు బిడ్డ. నెబ్రాస్కాలో పశువుల మేత భూముల మధ్య పెరిగాడు. బడిలో చదివే రోజుల్లోనే గాలిమర కట్టి వాళ్లింటికి కరెంటు తెచ్చాడు. బోస్టన్ నగరానికి మేయరుగా చేసి దిగిన జాన్ కాలిన్స్‌తో కూర్చుని, నగరం ఎందుకు ఎదుగుతుంది, ఎందుకు చివికిపోతుంది అనేదాన్ని సమీకరణాల్లో పెట్టాడు. ఒకచోట ఇళ్లు పెంచితే ఇంకోచోట ఉద్యోగాలు ఏమవుతాయి, అది మళ్లీ తిరిగి వచ్చి ఇళ్లనేం చేస్తుంది, అలా. ఆయన తేల్చిన వాటి మీద, ముఖ్యంగా పేదలకు చౌక ఇళ్లు కడితే నగరానికి చేటన్నదాని మీద, పెద్ద గొడవే అయింది. నాకూ అది రుచించలేదు. అయినా లెక్క వేసిన తీరు చూస్తే ముచ్చటేసింది, తప్పు సమాధానానికి కూడా వరసకు మార్కులు వేసేవాణ్ణి కదా.

ఆ లెక్కలో నా కన్ను ఒక్కచోట ఆగింది. నగరానికి గీసిన గీత అవతల ఉన్నదానికి ఆయన పెట్టిన పేరు "అంతులేని పరిసరం" అనే అర్థం వచ్చే మాట. నగరం బాగుంటే అక్కడి నుంచి జనం వస్తారు, బాగాలేకపోతే అక్కడికే పోతారు. అక్కడ ఎంతమంది ఉన్నారు, వాళ్లు వచ్చేస్తే అక్కడేమవుతుంది, పోతే అక్కడ తిండి ఉందా, ఆ లెక్క లేదు. పశువుల మధ్య పెరిగినవాడే ఊళ్లను అంతులేని పరిసరం కింద కొట్టేశాడు! నీ ఆటలోనూ అంతే కదమ్మా. పటం అంచున హైవే ఉంటుంది, దాని మీద కార్లు వస్తాయి. ఎక్కడి నుంచి? నీ మొదటి ఊళ్లో పని దొరక్క వెళ్లిపోయిన వాళ్లు ఎక్కడికి పోయారు? ఆ అంచు అవతల ఉన్నది నేను. మీ అమ్మా నాన్నా 2004లో సామాను లారీ ఎక్కించుకుని వెళ్లింది ఆ హైవే మీదనే. కరోనా వచ్చినప్పుడు కూకట్‌పల్లి నుంచి తిరిగొచ్చి మన వసారాలో నాలుగు నెలలు పడుకున్నదీ మీరే.

ఇంకో సంగతి. నీ ఊరు పెరిగినప్పుడు పక్క గడి భూమి కొంటావు. డబ్బు కట్టగానే అది నీదవుతుంది. అమ్మినవాడెవడు? నాలుగైదు ఊళ్ల పాటు ఆ ముఖం కోసం వెతికాను. ఆ ఆటలో లేడు.

నీ ఆట విడుదలయిన ఆ రోజుల్లోనే మన దగ్గర అసలు పటం మీద గీతలు గీస్తున్నారు. 2014 డిసెంబరులో కొత్త రాజధాని కోసం సీఆర్‌డీఏ చట్టం, 2015 మొదటి రెండు నెలల్లోనే కృష్ణ ఒడ్డున ఇరవై తొమ్మిది ఊళ్లలో ముప్పై వేల ఎకరాలకు పైగా సమీకరణ. సింగపూర్ వాళ్లు ప్లాను గీశారు, తొమ్మిది నగరాలన్నారు. నీ ఆటలో కూడా నీకు దక్కేది తొమ్మిది గడులే కదా, ఎందుకో నాకు నవ్వొచ్చింది. తుళ్లూరు పక్కన మీ అమ్మమ్మ తమ్ముడికి మూడెకరాల మెట్ట. పత్తీ మిరపా మార్చి మార్చి వేసేవాడు. భూమి ఇస్తే ఎకరాకు వెయ్యి గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వ్యాపార స్థలం, పదేళ్ల పాటు ఏడాదికి ముప్పై వేల నుంచి మొదలై పెరుగుతూ పోయే కౌలు. నీటి వసతి ఉన్న జరీబు భూములకు వ్యాపార స్థలం 450 గజాలు, కౌలు యాభై వేలు. చిన్న తాతయ్య ఒక రాత్రంతా ఆలోచించి సంతకం పెట్టాడు. పెనుమాక, ఉండవల్లి వైపు అరటీ పూలూ కూరగాయలూ పండే నేలలవాళ్లు చాలామంది పెట్టలేదు. ఇద్దరి లెక్కలూ నాకు సబబుగానే తోచాయి. కూలీల లెక్క వేరే. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను అన్నారు. కలుపుతీతకూ, పత్తి ఏరడానికీ గుంపులు గుంపులుగా ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లు ఆ తర్వాత ఏ ఊరి వైపు ఆటో ఎక్కారో, దానికి పటం మీద రంగు లేదు.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. ప్రతి ఊరి నుంచీ మట్టీ నీళ్లూ తెమ్మన్నారు, మన ఊరి చెరువు మట్టి కూడా వెళ్లింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, పనులు ఆగాయి, రైతులు శిబిరాల్లో కూర్చున్నారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు. 2024లో ప్రభుత్వం మారాక మొదట చేసిన పని కంపచెట్లు కొట్టడం. నువ్వు ఇక్కడికి రావడానికి కొద్ది రోజుల ముందే, ఈ మే 2న ప్రధాని మళ్లీ వచ్చి పనులు మొదలుపెట్టారు. ఎవరిది ఒప్పు ఎవరిది తప్పు అని నాతో వాదనకు దిగేవాళ్లు రచ్చబండ మీద చాలామంది ఉన్నారు, నీతో నాకా గొడవ వద్దు. నేను చూసింది ఒక్కటే. నీ ఆటలో స్పేస్ బార్ నొక్కితే కార్లు గాలిలో కాలు ఎత్తినట్టు ఆగిపోతాయి, ఎవడికీ ఆకలి వెయ్యదు, ఎవడి కూతురికీ పెళ్లీడు రాదు. అక్కడ ఐదేళ్లు నొక్కి ఉంచారు. చిన్న తాతయ్యకు ఆ ఐదేళ్లలో రెండుసార్లు గుండె ఆపరేషన్ అయింది, కొడుకు చదువు అయిపోయింది, ప్లాటు మాత్రం కాగితం మీద నంబరుగానే ఉంది.

ఆ నేల మీద నీ మూడో ఊరి పాఠం కూడా ఉంది. కొండవీడు కొండల్లో పుట్టిన కొండవీటి వాగు ఆ ఊళ్ల మధ్యగా వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లు లోపలికి పోలేవు, వెనక్కి తన్ని చేలలో నిలుస్తాయి. అందుకని 2018లో 5,000 క్యూసెక్కులు ఎత్తి పోసే పంపులు పెట్టారు. ఏరు ఎటు పారుతోందని నేను నిన్ను అడిగింది ఊరికే కాదు.

ఆనకట్ట ఊరు గురించి కొంచెం. నువ్వు ముంచింది రెండు వీధులు. మా తరం కళ్ల ముందు నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. ముందు 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, దొరికినన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికి ఎక్కించారు. మెట్లు మెట్లుగా కట్టిన ఆటస్థలం కూడా ఉండేది ఆ ఊళ్లో. పిల్లల్ని లాంచీలో తీసుకెళ్లి చూపించినప్పుడు ఒకడు అడిగాడు, "మన కాలువ కోసమే ముంచారా సార్?" అని. 1967లో కుడి కాలువకు నీళ్లు వదలకపోతే వాడి నాన్న చేను ఇంకా జొన్న చేనే. అవునురా అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ కాలువ చివరి భూముల్లో ఉన్నవాళ్లం, నీళ్లు వస్తే వచ్చినట్టు.

అన్నట్టు, నీ ఆటలో కుంచె పట్టుకుని జిల్లాలకు రంగులు వేస్తావే, ఆ కుంచె మన మీద రెండుసార్లు తిరిగింది. నేను పుట్టినప్పుడు మన ఊరు గుంటూరు జిల్లా. నాకు ఉద్యోగం వచ్చిన ఏడే, 1970లో, ఒంగోలు జిల్లా పుట్టి మనం అందులో పడ్డాం, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్లలో పడ్డాం. వేపచెట్టు కింద అదే అరుగు మీద కూర్చుని మూడు జిల్లాలు తిరిగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.

సరే, ఇప్పుడు చెబుతాను. నవ్వకూడదన్నాను.

నేనూ ఒక ఊరు కడుతున్నాను. కరణంగారి మనవడు వచ్చి రెండు సాయంత్రాలు మీటలు నేర్పాడు. పేరు మెట్టపాలెం. జనాభా నిన్నటికి 1,312. మొదట నేను చేసిన పని, భూసారం చూపించే పటం ఒకటి ఉంటుంది చూడు, నువ్వు ఒక్కసారి కూడా తెరవలేదు, అది తెరిచాను. చదునుగా ఉందని నువ్వు ఎప్పుడూ ఇళ్లు కట్టే చోటే సారమంతా ఉంది! అక్కడ ఒక్క ఇల్లూ కట్టలేదు, అంతా వ్యవసాయానికి వదిలాను. ఇళ్లన్నీ గట్టు మీద. పంపు ఎగువన, మురుగు దిగువన. ఇళ్లకు నెలకు ఒక వీధి చొప్పున, ఆగి ఆగి రంగు వేస్తున్నాను. పదకొండు ఊళ్లు చెడగొట్టి నువ్వు సంపాదించిన తెలివంతా నేను ఒక్క ఊళ్లో వాడుకుంటున్నాను. మా రైతులకు అలవాటే ఇది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, చేల నుంచి బయటికి పోయే దారి ఒక్కటే పెట్టాను. ఇప్పుడు అచ్చం మార్చి నెల యార్డు గేటు. లారీ వెనక లారీ. హైవే దాకా ఎర్రగా ఉంది. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ఒక వైపు పద్నాలుగు ఇళ్లు తియ్యాలి. బుల్డోజరు బొమ్మ నొక్కాను కూడా. నొక్కి, ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన ఒక మనిషి మీద చూపుడు గుర్తు పెట్టాను. పేరు వచ్చింది. ముసలాయన. ఉంటున్న ఇల్లు కూడా వచ్చింది. స్పేస్ బార్ నొక్కేశాను. వారం అయింది, అట్లాగే ఉంది. కరెంటు పోతుందని రోజూ తెరిచి సేవ్ మాత్రం చేస్తున్నాను.

అమ్మమ్మ రెండు కిలోల కారం, చింతకాయ తొక్కూ ఆర్టీసీ కార్గోలో వేస్తోంది, శనివారానికి అందుతుంది. ఈసారి కాయలో తాలు ఎక్కువ ఉంది, ఏరి ఏరి పట్టించింది. అది అందాక ఫోన్ చెయ్యి. ఆ ఇళ్లు తియ్యకుండా, గట్టు వెనక నుంచి ఇంకో దారి తిప్పవచ్చా అన్నది చూసి చెప్పు. డబ్బు 23,000 ఉంది ఖజానాలో.

మీ తాతయ్య